మీట నొక్కే వేలు, పేరు చెప్పే మనిషి

కంప్యూటరు ముందు మనిషి మనస్సు ఎట్లా పనిచేస్తుందో చెప్పే శాస్త్రం వర్గాలకు అతీతమైనదని మన అధ్యాపక మిత్రులలోనే కొందరు వాదిస్తున్నారు. అది ఇంజనీర్ల వ్యవహారమనీ, సాహిత్య విద్యార్థికి దానితో నిమిత్తం లేదనీ మరికొందరు తప్పుకుంటున్నారు. ఈ రెండు వాదాలూ పొరపాటేనని నా అభిప్రాయం.

1983లో అమెరికన్ పరిశోధకులు కార్డ్, మోరన్, న్యూవెల్ ప్రకటించిన గ్రంథం ఈ శాస్త్రానికి ఒక పునాదిరాయి. వారి నమూనాలో చూపు, ఆలోచన, చేతి కదలిక మూడు యంత్రభాగాలు. ఒక్కొక్కదానికి పట్టే కాలం సుమారు సెకనులో పదోవంతు, లేదా అంతకు తక్కువ. ఆ లెక్కలు అబద్ధమని నేననను. కాని వారి మీటల లెక్క ఎవరికి వర్తిస్తుంది? పనిలో ఆరితేరి, తప్పు చేయని మనిషికి. ఆ మనిషి ఒంటరి. అతనికి మాతృభాష లేదు, వెనుక వరుసలో నిలబడ్డవాళ్లు లేరు.

ఇక మా అంబర్‌పేటకు రండి. నిరుడు ఒక ఇంటర్నెట్ దుకాణంలో నా విద్యార్థిని ఉపకార వేతనానికి దరఖాస్తు పెడుతున్నది. పక్కన, నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమె తల్లి. ఆ తల్లి పేరు తెలుగులో ఎక్కడ రాసినా ఒకటే. ఇంగ్లీషులో మాత్రం ఒక కాగితంలో ఒక అక్షరం ఎక్కువ పడింది. వివరాలు సరిపోలడం లేదని తెర మీద ఎర్రని వాక్యం.

“సారూ, నా పేరు నేనే తప్పు జెప్పిన్నా?” అని ఆమె నన్నడిగింది.

మీట నొక్కినవాడు దుకాణపు కుర్రవాడు. అక్షరం చేర్చినవాడెవడో గుమాస్తా. తప్పు మాత్రం ఆమె నెత్తిన పడ్డది! గడువు దాటింది, అమ్మాయికి ఆ ఏడు వేతనం రాలేదు.

కార్డ్, మోరన్ పనిచేసిన జిరాక్స్ పరిశోధనాలయంలోనే లూసీ సచ్‌మన్ కాపీ యంత్రం ముందు ఇద్దరేసి మనుషులను నిలిపి పరిశీలించింది. మనుషుల పని ముందే వేసుకున్న పథకం ప్రకారం గాక, పరిస్థితిని బట్టి సాగుతుందని 1987లో ఆమె వాదించింది. అంతకు చాలా ముందే, 1934లో మరణించిన సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ, సమాజం నుంచి వచ్చిన పనిముట్లూ, భాషా మన ఆలోచనను మలుస్తాయన్నాడు. లియోంత్యేవ్ దానిని కార్యకలాప సిద్ధాంతంగా పెంచాడు. డెన్మార్కులో సుసాన్ బోడ్కర్ 1991 నాటి గ్రంథంలో కంప్యూటరుకు అన్వయించింది. ఈ దృష్టితో చూస్తే లోపం ఆ తల్లి బుద్ధిలో లేదు. తెలుగు పేరుకు ఇంగ్లీషు వర్ణక్రమాన్ని ప్రమాణం చేసిన పాలనలో వున్నది.

అయితే సోవియట్ పేర్లు వల్లించినంత మాత్రాన మన బాధ్యత తీరదు. చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులున్నారు, మన కళాశాలలున్నవి. ఎవరి దరఖాస్తు ఏ అక్షరం దగ్గర ఆగిపోయిందో కూర్చుని రాసిపెడదాం. తెలుగువాని పేరుకు తెలుగు లిపే ప్రమాణం కావాలనీ, తిరస్కరించిన యంత్రం కారణాన్ని తెలుగులో చెప్పాలనీ, దిద్దే భారం పాలకులే మోయాలనీ ఆ కాగితాలు చేతబట్టుకుని అడుగుదాం.