హెడ్‌ఫోన్ల సంగతి సరే, చెవి సంగతేమిటి?

సికింద్రాబాద్ మారేడుపల్లి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. వయసు 36. రెండు నెలల జీతం పోసి హెడ్‌ఫోన్లు, వాటికి తగ్గ ఆంప్లిఫయర్ కొన్నారట. ఇంట్లో అందరూ పడుకున్నాక రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా సంగీతం వింటారు. చెవులకు ఆనే మెత్తల పైతోలు పొట్టు రేగుతోంది, స్పిరిట్‌తో తుడవవచ్చా, వానాకాలంలో ఎలా దాచాలి అంటూ మూడున్నర పేజీలు అడిగారు. చివర సంతకం కూడా అయిపోయాక ఒక్క వాక్యం: "మూడు వారాలుగా కుడి చెవిలో కీచురాయి అరిచినట్టు ఉంటోంది, ఇది హెడ్‌ఫోన్ లోపమంటారా?"

ఆ ఆఖరి వాక్యానికే ముందు జవాబు చెబుతాను.

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, చప్పుడు లేని గదిలో కాసేపు కూర్చోండి. అప్పుడూ కీచుమంటోందా? అయితే ఆ మోత చెవిలోదే, వస్తువుది కాదు. పెట్టుకున్నప్పుడు మాత్రమే వినిపిస్తుంటే కుడిది ఎడమకు, ఎడమది కుడికి తిప్పి పెట్టుకోండి. రొద కూడా రెండో చెవికి మారితే లోపం హెడ్‌ఫోన్లదే. లోపలి పల్చని పొర మీద పడ్డ ఒక్క తలవెంట్రుక చాలు, బరబరమని మోగడానికి. తిప్పి పెట్టుకున్నా కుడి చెవినే పట్టుకుని ఉంటే మాత్రం మెత్తల గురించి తర్వాత ఆలోచిద్దాం.

ఒక్క చెవిలోనే మూడు వారాలపాటు మోత ఉందంటే ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. కారణం గుబిలి గట్టిపడి అడ్డుపడటం కావచ్చు. అంతకన్నా అదృష్టం లేదు, పది నిమిషాల్లో తీసేస్తారు. మధ్య చెవిలో జబ్బు కావచ్చు. జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ కూడా చెవిలో మోత తెస్తాయి కనుక ఈమధ్య వాడిన మందులన్నీ డాక్టరుకు చెప్పండి. చాలా అరుదుగా వినికిడి నాడి మీద కంతి ఉండవచ్చు. భయపెట్టడానికి కాదు, ఒక చెవికే పరిమితమైన మోతను మేము ఎందుకు తేలిగ్గా వదలమో తెలియాలని చెబుతున్నాను.

వినికిడి పరీక్షకు ఎంతో దూరం పోనక్కరలేదు. కోఠీలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రి ఉంది. సికింద్రాబాద్‌లోనే మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. నొప్పి లేని పరీక్ష. రకరకాల స్థాయిల్లో శబ్దాలు వినిపించి, వినబడగానే మీట నొక్కమంటారు. ముందురోజు రాత్రి మాత్రం సంగీతం మానేయండి. అలసిన చెవితో వెళితే ఫలితం తప్పుగా వస్తుంది.

పెద్ద శబ్దం వల్ల చెడిన చెవి గ్రాఫులో 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట పడ్డట్టు కనిపిస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. అందులో సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చేవి అవే. అవి ఒకసారి చచ్చిపోతే మనిషిలో మళ్ళీ పుట్టవు. మెత్తలు మార్చుకోవచ్చు, తీగ మార్చుకోవచ్చు, ఇవి దొరికే కొట్టు లేదు. మొదట పోయేది మాటల్లోని స, శ, ఫ వంటి సన్నని ధ్వనులు. "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అని రోగులు చెప్పేది ఇందుకే.

"మావి నాసిరకం కావు, మంచివి కదా" అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది. చవకరకం పరికరం శబ్దం పెంచితే బొంగురుపోతుంది, చెవికి చిరాకెత్తి మనమే తగ్గిస్తాం. మంచి హెడ్‌ఫోన్లు ఎంత పెంచినా హాయిగానే పలుకుతాయి. చెవి హెచ్చరించదు. పైగా 1 మిల్లీవాట్‌కే 100 డెసిబెల్స్ పలికే రకానికి 10 మిల్లీవాట్లు ఇస్తే 110, 100 ఇస్తే 120 అవుతుంది. బల్ల మీద పెట్టుకునే ఆంప్లిఫయర్లలో కొన్ని వందల మిల్లీవాట్లు ఇవ్వగలిగినవి ఎన్నో ఉన్నాయి. అందుకే మీట సున్నాకు తిప్పాకనే హెడ్‌ఫోన్లు తగిలించి, తర్వాత చెవులకు పెట్టుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో ఒక ప్రమాణం వెలువరించాయి. పెద్దవాళ్ళకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, పిల్లలకు 75 అయితే 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగానికి పడిపోతుంది. మన పాఠకుడు వారానికి 21 గంటలు వింటున్నారు. 83 డెసిబెల్స్‌లోనే 20 గంటలతో ఆయన వాటా పూర్తి. 90లో వింటున్నారా, వారానికి నాలుగు గంటలే. అంటే సోమవారం రాత్రి మొదలుపెడితే మంగళవారం రాత్రి పదకొండుకే ఖాతా ఖాళీ!

ఆయనవి వెనుక జాలీ ఉన్న రకమట. 1968లో జర్మనీలో సెన్‌హైజర్ వారి హెచ్.డి. 414తో ఈ రకం పేరుకెక్కింది. గాలి ఆడుతుంది, చెమట తక్కువ, ధ్వని విశాలంగా ఉంటుంది. బయటి చప్పుడు మాత్రం లోపలికి వచ్చేస్తుంది. మే నెలలో కూలర్ ఆపి పాటలు వినమని సికింద్రాబాద్ వాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ హోరు మీదుగా వినాలని తెలియకుండానే మీట పెంచుతారు. కనుక కూలర్ లేని వేళ, కిటికీ మూసి, తృప్తిగా వినబడే చోటికి మీట తిప్పి అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత ఏ రొద ఉన్నా ఆ గీత దాటవద్దు. మెట్రోలోనూ ఎం.ఎం.టి.ఎస్. రైల్లోనూ జాలీరకం పనికిరాదు. ప్రయాణాల్లో బయటి రొదను తగ్గించే రకమే మేలు, తక్కువ శబ్దంతో సరిపోతుంది.

ఇక శుభ్రత. తోలులాంటి రెక్సిన్ మెత్తలకు స్పిరిట్, శానిటైజర్ వద్దు. బిరుసెక్కి పగులుతాయి. మెత్తటి గుడ్డ నీళ్ళలో తడిపి గట్టిగా పిండి తుడిచి, పొడిగుడ్డతో అద్దితే చాలు. మఖమల్ మెత్తలు ఊడదీయడానికి వీలుంటే గోరువెచ్చని సబ్బునీళ్ళలో జాడించి నీడన ఆరవేయండి. లోపలి పొర మీద నోటితో ఊదడం, వాక్యూమ్ పెట్టడం రెండూ తప్పే. మన ఇళ్ళలో అసలు శత్రువు తలనూనె. నూనె పెట్టుకున్న రోజు హెడ్‌ఫోన్లకు సెలవివ్వండి. పొట్టు రేగిన మెత్తలు మాత్రం ఏ మందుతోనూ బాగుపడవు, కొత్తవి వేయించుకోవాల్సిందే.

వర్షాకాలంలో చెమటతో ఉన్నవాటిని వెంటనే పెట్టెలో మూయవద్దు. గంటసేపు ఆరనిచ్చి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచండి. చెవిలోపలికి దూర్చే రకం వాడేవారికి ఈ కాలంలో చెవిలో బూజు పట్టడం మామూలు. విపరీతమైన దురద, లోపల తెల్లగానో నల్లగానో మచ్చలు. అప్పుడు కాచిన నూనె, వెల్లుల్లి రసం పోయడం, పిన్నీసుతో గోకడం చేయకండి. కర్ణభేరికి చిల్లి ఉంటే ప్రమాదం. గుబిలి దానంతటదే బయటికి వస్తుంది, దూదిపుల్ల దాన్ని ఇంకా లోపలికి నెడుతుంది.

ఇంకొక మాట అందరికీ. ఎవరికైనా ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే, జలుబు అనుకుని వారం ఆగకండి. ఆ రోజే, తప్పితే మర్నాడే డాక్టరు దగ్గర ఉండాలి. స్టెరాయిడ్ వైద్యం తొలి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.

సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో జత దొరుకుతోంది, కొనవచ్చా అని కూడా అడిగారు. కొనండి, మెత్తలు మార్చాకే పెట్టుకోండి. అయితే పరీక్ష ఫలితం వచ్చేదాకా బేరం ఆపండి.