తలనొప్పి మాత్రే తలనొప్పి తెస్తే

సాయంత్రమయ్యేసరికి తలచుట్టూ గుడ్డ బిగించి కట్టినట్లు నొప్పి, రాయిలా బిగుసుకున్న మెడ. కార్యాలయ ఉద్యోగుల్లో చాలామందికి ఇది పరిచితమే. వైద్యులు దీనిని టెన్షన్ తలనొప్పి అంటారు. పని ఒత్తిడిలో మనకు తెలియకుండానే భుజాలు ఎగదీసి, పళ్లు బిగించి కూర్చుంటాం. ఆ కండరాలు గంటల తరబడి సడలవు.

మందుల దుకాణంలో అడిగి కొనే మాత్రే నా ఆందోళన. ఎప్పుడైనా ఒక పారాసిటమాల్ వేసుకోవడంలో తప్పులేదు. కానీ నెలకు 15 రోజులు, అంతకు మించి, 3 నెలలకు పైగా వాడితే ఆ మాత్రే తలనొప్పిని తెచ్చిపెట్టగలదు. కెఫీన్ వంటివి కలిపిన మాత్రలైతే నెలకు 10 రోజులు చాలు. "మాత్ర లేనిదే పూట గడవదు డాక్టరుగారూ" అన్నవారిని సర్వీసులో ఎందరినో చూశాను. వారిలో చాలామందికి మాత్ర మాన్పించడమే చికిత్స అయింది. మానిన తొలి రోజుల్లో నొప్పి పెరుగుతుంది, కనుక వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

గంటకొకసారి కుర్చీ వదలండి. భుజాలను చెవులదాకా ఎత్తి, 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదలండి. రాత్రి మెడకు వేడి కాపడం హాయినిస్తుంది. క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు, అరుదుగానైనా రక్తనాళం చీలే ప్రమాదముంది.

హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చేయి బలహీనపడినా, మాట తడబడినా ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.