తోక కూర ఖరీదు

లండన్ దక్షిణాన బ్రిక్స్‌టన్ అనే పేటలో ఒక హోటలు. అక్కడ నర్సుగా పనిచేసే మా మేనకోడలు పట్టుబట్టి తీసుకెళ్ళింది. బల్లలన్నీ నిండాయి. పాటల మోతకు పక్కవాళ్ళతో కూడా అరిచి మాట్లాడాల్సి వచ్చింది. ఆఫ్రికా వంటలూ కరేబియన్ వంటలూ కలిపి కొత్తగా చేస్తారట. దాన్ని ‘ఫ్యూజన్’ అంటారట. మేం ఆ మాట దగ్గరే ఆగిపోయాం.

ఎవరు కలిపారయ్యా ఈ వంటల్ని? గొలుసులేసి ఓడల్లో తెచ్చిన మనుషులు కలిపారు. కలపక ఏం చేస్తారు? జమైకా జాతీయ వంట అకీ-ఉప్పుచేప. అకీ చెట్టు పశ్చిమాఫ్రికాది. చేప ఉత్తర అట్లాంటిక్‌ది. అందులో నాసిరకం సరుకే చెరకు తోటల బానిసలకు పంపేవాళ్ళు. చాకిరీ చేయించుకోవాలంటే చవగ్గా బతికించాలి గదా!

మేక కూర వచ్చింది. “ఇది మన పసుపు వాసనేనండీ” అంది మా ఆవిడ. అవును మరి. 1834లో ఆ దీవుల్లో బానిసత్వం రద్దయితే 2 కోట్ల పౌన్ల పరిహారం యజమానులకే ఇచ్చారు. బానిసలకు పైసా లేదు. పైగా 1838 దాకా అప్రెంటిసుల పేరుతో వెట్టి చేయించారు. ఆ పరిహారానికి చేసిన అప్పు బ్రిటన్ ఖజానా తీర్చటం 2015లో గానీ ముగియలేదు. అంటే 1948లో విండ్‌రష్ ఓడలో వచ్చినవాళ్ళూ, వాళ్ళ వెనక వచ్చి బస్సులు నడిపి ఆస్పత్రులు కడిగినవాళ్ళూ కట్టిన పన్నుల్లోంచి కూడా, వాళ్ళ తాతల్ని కొన్నవాళ్ళ అప్పు తీరిందన్నమాట! వాళ్ళు వదిలేసిన తోటలకు కలకత్తా నుంచి, మద్రాసు నుంచి కూలీలను ఒప్పందం మీద ఓడలెక్కించారు. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్ళున్నారు, అంటరాని కులాలవాళ్ళున్నారు. జమైకా మేక కూరలో మసాలా ఆ కూలీల మూటల్లోదే.

ఇంక తోక కూర. మెనూలో అన్నిటికన్నా ఖరీదు అదే. ఒకప్పుడు ఎవరూ కొనని తోక అది. మా వాడలో మేం తోక తిన్నాం, బోటి తిన్నాం, నెత్తురు వేపుకు తిన్నాం. దండేల మీద తునకలు ఎండితే బళ్ళో పక్కపిల్లలు ముక్కు మూసుకున్నారు. డిగ్రీ చదివి పంతుళ్ళమయ్యాం గదా, ఇప్పటికీ స్టాఫ్ రూములో డబ్బా మూత సగమే తీస్తాం. రాయటానికి సిగ్గుగానే ఉంది. 2012లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండగ చేస్తే దాడులు జరిగాయి. అయినా వాళ్ళు వండారు, తిన్నారు.

ఆ హోటల్లో తినేవాళ్ళు సగం పైన తెల్లవాళ్ళే. తిననీ, మంచిదే. కానీ బయట సందులో దుంపలమ్మే ముసలమ్మ, అద్దెలు భరించలేక తన పిల్లలు ఊరి చివరికి పోయారంది. వంట ఉంచుకొని వండినవాళ్ళను పంపేస్తే అది ఏం కలయిక? రేపు మన పెద్దకూర కూడా పెద్ద హోటళ్ళకెక్కుతుంది. అప్పుడు గల్లాపెట్టె దగ్గర కూచునేది ఎవరు? మనం ఇప్పుడే అడగాలి.

మిగిలిన తోక కూర మా మేనకోడలు డబ్బాలో కట్టించుకుంది. “రేపు డ్యూటీలో తింటా మామయ్యా” అంది. తింటుంది. మూత సగం తీసే రకం కాదు అది.