అది వేషం కాదు, టీసీ వైద్యం కాదు

కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనుకుంటే చదివాక తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక హాస్టల్ పిల్ల విషయం వచ్చింది. చెయ్యి కోసుకుందని, మర్నాడే అమ్మానాన్నల్ని పిలిపించి టీసీ చేతిలో పెట్టి పంపేశారని ఒకరు రాశారు. కింద మనవాళ్లు పెట్టిన కామెంట్లు చూశాను. "లవ్ ఫెయిల్యూర్ అయ్యుంటది." "అంతా అటెన్షన్ కోసం." "ఫోన్లు ఇస్తే ఇంతే." "మన ఆదివాసీలకి ఈ జబ్బులు ఎక్కడివి, ఇవన్నీ సిటీ వేషాలు." యాభై కామెంట్లలో "ఆ పిల్ల ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు. పంపేసినవాళ్లను ప్రశ్నించినవాళ్లు ఒక్కరు కూడా లేరు. అందుకే ఈ పోస్టు.

ఆ పిల్లకు ఏముందో తేల్చాల్సింది డాక్టరు. చెయ్యి కోసుకున్న ప్రతి ఒక్కరికీ ఒకే జబ్బు ఉండదు. కానీ మనం "వేషాలు" అని కొట్టిపారేసేవాటిలో నిజంగా జబ్బు అయినది ఒకటుంది. దాని పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. పొడి అక్షరాల్లో బీపీడీ అంటారు. నేను డాక్టర్ని కాను, ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాణ్ణి. చదువుకున్నంతలో చెప్తాను.

ముందు పేరు సంగతి. బోర్డర్ అంటే సరిహద్దు కాబట్టి ఇది "కొంచెమే ఉన్న జబ్బు" అనుకుంటారు చాలామంది. అది తప్పు. 1938లో అమెరికాలో అడాల్ఫ్ స్టెర్న్ అనే డాక్టరు ఈ మాట వాడినప్పుడు ఆయన ఉద్దేశం వేరు. మామూలు ఆందోళన జబ్బుల్లోనూ ఇమడని, పూర్తిగా మతి తప్పే జబ్బుల్లోనూ ఇమడని మనుషులు మధ్య హద్దులో ఉన్నారని. తర్వాత ఆ అర్థం పోయింది, పేరు మిగిలిపోయింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల అధికారిక పుస్తకంలో ఇది ఒక జబ్బుగా చేరింది.

డాక్టర్లు తొమ్మిది లక్షణాలు చూస్తారు. నన్ను వదిలేస్తారేమోనన్న విపరీతమైన భయం. ఒక మనిషిని ఈరోజు దేవుడిలా చూసి రేపు శత్రువులా చూడడం. నేను ఎవరిని అన్నది తనకే నిలకడగా తెలియకపోవడం. ముందూ వెనకా చూడకుండా తనకే నష్టం చేసుకునే పనులు. తనను తాను గాయపరుచుకోవడం, చచ్చిపోతాననడం. గంటగంటకీ మారిపోయే మనసు. లోపలంతా ఖాళీగా అనిపించడం. పట్టలేని కోపం. ఒత్తిడిలో అందరూ నా మీద కుట్ర చేస్తున్నారనిపించడం, లేదా తన ఒళ్లు తనది కానట్టు అనిపించడం. వీటిలో కనీసం ఐదు ఉండాలి, చాలాకాలంగా ఉండాలి. పద్దెనిమిది ఏళ్ల లోపు వాళ్లకైతే కనీసం ఏడాది పాటు ఇవి కనిపిస్తేనే, అదీ ఆచితూచి ఈ పేరు పెడతారు. కాబట్టి రీల్స్ చూసి మీకు మీరే పేరు పెట్టుకోకండి. పక్కవాళ్లకు అసలే పెట్టకండి.

ఇది లోపల ఎలా ఉంటుందో మన భాషలో చెప్తా. ఎండ కాస్తుంటుంది, గెడ్డలో మోకాలు లోతు నీళ్లు కూడా ఉండవు, దాటుతూ ఉంటాం. ఒక్కసారిగా ఎర్రనీళ్లు వచ్చి పడతాయి. వాన పడింది ఇక్కడ కాదు, పైన కొండల మీద. ఒడ్డున నిలబడ్డవాడికి అర్థం కాదు. "వాన లేదే, ఎందుకు కొట్టుకుపోతున్నావు?" అంటాడు. ఫ్రెండు ఫోన్ ఎత్తకపోతే రాత్రంతా ఏడ్చిన పిల్లను చూసి మనం అనే మాట కూడా అదే. "ఇంత చిన్నదానికా?"

పైన పడిన వాన ఏంటి? పుట్టుకతోనే కొందరి మనసు మిగతావాళ్లకన్నా త్వరగా అంటుకుంటుంది, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. దానికి తోడు చిన్నప్పటి దెబ్బలు, హింస, నిర్లక్ష్యం, లైంగిక వేధింపు, దగ్గరివాళ్లకు దూరం కావడం ఉంటే ముప్పు పెరుగుతుంది. బాధ చెప్పిన ప్రతిసారీ "నీకేం లేదు, నోరుమూసుకో" అనే వాతావరణం దాన్ని ఇంకా పెంచుతుంది. అలాగని కష్టపడ్డ ప్రతివాళ్లకీ ఇది రాదు. ఏ కష్టమూ గుర్తులేని వాళ్లకీ రావచ్చు. అమ్మానాన్నల పెంపకం మీదికి మొత్తం తోసేయడం కూడా అన్యాయమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఈ జబ్బు గుండెకాయ ఏది? "నన్ను వదిలేస్తారు" అన్న భయం. మన హాస్టళ్లు చేసే మొదటి పని ఏది? వదిలేయడం. నీళ్లంటే భయపడేవాణ్ణి నూతిలోకి తోసి "మందు వేశాం" అన్నట్టుంది ఇది. ఐదారేళ్ల వయసులో అమ్మ ఒడి, ఇంటి భాష, ఊరు వదిలి ఆశ్రమ పాఠశాలకు వచ్చిన పిల్ల. హాస్టలే ఇల్లు అనుకున్న పిల్ల. బాధ బయటపడిన రోజే "నువ్వు ఇక్కడ వద్దు" అని గేటు బయట నిలబెడితే, ఆ పిల్ల లోపల ఏ మాట గట్టిపడుతుంది? తన భయమే నిజమైందని. పైగా ఇంటికి వెళ్తే అక్కడ డాక్టరు లేడు, చదువు ఆగిపోయింది, ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అంటారు. ముప్పు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మనిషిని ఒంటరి చేస్తున్నాం.

వార్డెన్లు రాక్షసులని నేను అనను. వందల మంది పిల్లలకు ఒకరో ఇద్దరో. రాత్రి ఏదైనా జరిగితే సస్పెన్షన్. ఆ భయం నిజమే. కానీ ఆ భయానికి మందు కౌన్సిలర్ను వేయమని పై అధికారిని అడగడం. పిల్లను బయట పెడితే ముప్పు తప్పదు, రిజిస్టరులోంచి మాత్రమే పోతుంది.

మనవాళ్ల మాటలకు కూడా ఒక్కొక్కటిగా జవాబు చెప్తా.

"అటెన్షన్ కోసం చేస్తోంది." సరే, అనుకుందాం. ఆకలేసిన పిల్ల అన్నం కోసం ఏడిస్తే "అన్నం కోసం నాటకం" అంటామా? మామూలుగా చెప్తే ఎవరూ వినలేదు కాబట్టే మాట చేతుల మీదికి వచ్చింది. చాలామంది తమను గాయపరుచుకునేది పదిమందికి చూపించడానికి కాదు, భరించలేని బాధ కాసేపు తగ్గుతుందని. అందుకే పొడుగు చేతుల చొక్కాల కింద దాచుకుంటారు. ఇంకో మాట. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు మామూలువాళ్ల కన్నా చాలా ఎక్కువ. "ఊరికే బెదిరిస్తోంది" అని తేలిగ్గా తీసుకోవడానికి ఇది మాటల ఆట కాదు.

"ఆదివాసీలకి ఈ జబ్బులు ఉండవు." ఇది మనల్ని పొగిడే మాటలా ఉంటుంది, కానీ మన గొంతు నొక్కే మాట. అడవిలో హాయిగా పాడుకుంటూ బతికేవాళ్లం, మనకు మనసు బాధలు ఉండవు అనేది బయటివాళ్లు రాసుకున్న కథ. మలేరియా మనకు వస్తుంది, సికిల్ సెల్ వస్తుంది, మనసు జబ్బు మాత్రం రాదా? మనకు మనసు లేదా?

"ఇది ఆడపిల్లల సమస్య." ఆసుపత్రి రికార్డుల్లో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, నిజమే. కానీ అమెరికాలో జనం మధ్యకు వెళ్లి చేసిన పెద్ద సర్వే 2008లో వచ్చింది. అందులో ఆడ, మగ దాదాపు సమానం. మరి మన కుర్రాళ్లు ఎక్కడున్నారు? తాగి గొడవ పెట్టుకున్నవాడు, బండి మీద చావుకు ఎదురెళ్లేవాడు, గోడను గుద్ది వేళ్లు విరగ్గొట్టుకున్నవాడు. వాడికి మనం "కోపిష్టి" అని పేరు పెట్టి ఊరుకున్నాం. వాళ్లందరికీ బీపీడీ అని కాదు. వాళ్లలో కొందరిని ఏ డాక్టరూ చూడలేదని.

"ఇదంతా వ్యవస్థ వల్ల, జబ్బు అని పేరు పెట్టి తప్పించుకుంటున్నారు." ఈ మాట అనే అన్నలంటే నాకు గౌరవం. వ్యవస్థ తప్పు ఉంది, కొట్లాడదాం. కానీ వ్యవస్థ మారేదాకా ఆ పిల్ల ఈ రాత్రి ఎలా గడపాలి? పోడు పట్టా కోసం కొట్లాడుతూనే జ్వరానికి మాత్ర వేసుకుంటాం కదా.

ఇక దిసారి, ఎజ్జోడు, గురువుల సంగతి. చదువుకున్న మనం వాళ్లను వెక్కిరిస్తాం. ఒక్కటి ఆలోచించండి. మన ఊరి గురువు ఆ పిల్ల బాధను నమ్ముతాడు. తప్పు పిల్లది కాదు, పట్టినదానిది అంటాడు. చుట్టాలందరినీ పిలిచి మధ్యలో కూర్చోబెడతాడు. డిగ్రీలున్న మనం అసలు నమ్మనే నమ్మం, తప్పంతా పిల్లదే అంటాం. గురువు దగ్గరికి వెళ్తే వెళ్లండి. కానీ అక్కడితో ఆగకండి. కొట్టడం, వాతలు పెట్టడం, కట్టేయడం ఎవరు చేసినా అడ్డుపడండి. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

ఎందుకంటే ఇది తగ్గే జబ్బు. "పర్సనాలిటీ" అనే మాట ఉంది కాబట్టి పుట్టుబుద్ధి, పోదు అనుకుంటారు. అబద్ధం. అమెరికాలో ఈ జబ్బు ఉన్నవాళ్లను పదేళ్ల పైన వెంట ఉండి గమనించిన అధ్యయనాల్లో ఎక్కువమందికి లక్షణాలు బాగా తగ్గాయి. ఉద్యోగం, చదువు, బంధాలు కుదురుకోవడానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అంటే మందు కన్నా ముందు, చదువూ బతుకూ చేజారకుండా పట్టుకోవాలి. టీసీ తెంపేది సరిగ్గా వాటినే.

దీనికి ప్రధాన వైద్యం మాట్లాడే వైద్యం. బీపీడీ కోసమని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. తోడుగా ఉండే డిప్రెషన్, ఆందోళన లాంటివాటికి మాత్రలు ఇస్తారు, అవి డాక్టరు చెప్పినట్టే వాడాలి. మాట్లాడే వైద్యాల్లో పేరున్నది డీబీటీ. దాన్ని తయారుచేసింది మార్షా లినెహాన్ అనే సైకాలజిస్టు. ఆమె పదిహేడేళ్ల వయసులో తనను తాను గాయపరుచుకుంటూ రెండేళ్లకు పైగా మానసిక ఆసుపత్రిలో ఉన్న మనిషి. ఆ సంగతి 2011లో తానే లోకానికి చెప్పింది. ఆ రోజుల్లో ఎవరో "వేషాలు" అని ఆమెను వదిలేసి ఉంటే ఈ వైద్యమే ఉండేది కాదు.

మరి మన ఏజెన్సీలో ఆ వైద్యం ఎక్కడ? పాడేరు పిల్లకు పెద్ద మానసిక వైద్యశాల అంటే విశాఖ, వంద కిలోమీటర్ల పైన. ఉట్నూరు పిల్లకు ఎర్రగడ్డ అంటే ఒక రాత్రి ప్రయాణం. ఇది మన తలరాత కాదు, చట్టం మాట తప్పడం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 18వ సెక్షన్ చూడండి. వైద్యం కోసం ఎవరూ చాలా దూరం వెళ్లాల్సిన పరిస్థితి ఉండకూడదని, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితంగా అందాలని రాసి ఉంది. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. సంరక్షణ, వైద్యం ప్రభుత్వ బాధ్యత. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. "తల్లిదండ్రులే రాసిచ్చారు" అంటారు. చదువురాని తండ్రి చేత వేలిముద్ర వేయించుకుంటే అది రాసివ్వడమా?

2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మన విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయిది. వందమంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలని అందులో ఉంది. మీ హాస్టల్లో ఉన్నారా? ఈరోజే కనుక్కోండి.

తోటివాళ్లుగా మనం చేయగలిగింది కూడా ఉంది. పక్క మంచం మీది పిల్ల అలజడిలో ఉంటే నీతులు చెప్పకండి. "నీకు చాలా కష్టంగా ఉంది, నేను ఇక్కడే ఉన్నా" అనండి. చల్లని నీళ్లతో మొహం కడిగించండి, కలిసి నాలుగు అడుగులు నడవండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పెద్దవాళ్లకు చెప్పండి, రహస్యంగా దాచకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 108. అలాగని మొత్తం బరువు ఒక్కరే మోయకండి. "ఇప్పుడు పడుకుంటా, పొద్దున ఆరింటికి వస్తా" అని చెప్పి, ఆరింటికి తప్పకుండా వెళ్లండి. వీళ్లకు పెద్ద మాటల కన్నా నిలబెట్టుకున్న చిన్న మాట ముఖ్యం.

ఇది చదువుతూ "ఇది నా గురించే" అనుకుంటున్న తమ్ముడూ, చెల్లీ. జబ్బు నీ తప్పు కాదు. కోపంలో అన్న మాటలు, చేసిన పనులు మాత్రం సరిదిద్దుకోవాలి, వైద్యానికి వెళ్లాలి. అది నీ వంతు. నీ సీటు నీకు ఉంచడం మా వంతు.

చివరిగా అడుగుతున్నా. ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరు చొప్పున కలిసి ఐటీడీఏ పీఓ గారికి గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. మూడే డిమాండ్లు. ఒకటి, మానసిక ఇబ్బంది కారణంగా ఏ విద్యార్థికీ టీసీ ఇవ్వకూడదని రాతపూర్వకంగా ఆదేశం. రెండు, సుప్రీంకోర్టు చెప్పినట్టు కౌన్సిలర్లు, వీలైనంతవరకు మన భాషలు వచ్చిన మన పిల్లలే. ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు మనలోనే ఉన్నారు. మూడు, ఏజెన్సీ ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒక్కరోజైనా సైకియాట్రిస్టు ఓపీ. అర్జీ నకలు, రసీదు ఫొటో ఈ గ్రూపులో పెట్టండి.

కింద కామెంట్లో మీ హాస్టల్ పేరు, కౌన్సిలర్ ఉన్నారా లేదా అన్నది రాయండి. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.

జై ఆదివాసీ.