తెలుగు బస్సుకు రైలు తోడు లేదా?

మధుర నుండో, విరుదునగరం నుండో ఒక తెలుగు కుటుంబం పెండ్లికో, పరామర్శకో నెల్లూరు సీమకు బయలుదేరితే చాలాసార్లు చెన్నపట్నంలో దిగి బండి మారవలసిందే. పెట్టె బేడా, పసిపిల్లలు, కంటిచూపు మందగించిన పెద్దలు వెంట ఉంటారు. వారి ప్రయాణంలో అన్నింటికంటె కష్టమైన భాగం రైలులోనూ లేదు, బస్సులోనూ లేదు. రైలు దిగిన చోటికీ బస్సు ఎక్కే చోటికీ నడుమ ఉంది.

ఆ నడిమి దూరాన్ని తొలగించే అవకాశం ఒకసారి వచ్చింది. 2002లో తెరచిన కోయంబేడు బస్సు స్టేషను ముంగిటికి 2015 జూన్‌లో మెట్రో రైలు వచ్చింది. 2018 మే 25న ఆ మార్గం ఎగ్మూరు మీదుగా సెంట్రల్ వరకు సాగింది. ఏ రైలులో వచ్చినవారైనా నేల కిందనే మెట్రో ఎక్కి కోయంబేడులో దిగి, నెల్లూరు బస్సు అందుకునే వీలు కలిగింది. అదే ఏడాది అక్టోబరులో ఏమి జరిగింది? రెడ్ హిల్స్ దారిన నెల్లూరు, కాళహస్తి, తిరుపతి వైపు పోయే బస్సులను మాధవరానికి తరలించారు. నాడు మాధవరంలో మెట్రో లేదు. రైలూ బస్సూ చేతులు కలిపిన అయిదు నెలలకే తెలుగు సీమ బస్సు చేయి విడిపించారు!

కోయంబేడులో రద్దీ పెరిగింది, ఉత్తరాదికి పోయే బస్సులు నగరం మధ్యకు రానక్కరలేదు అన్నారు. ఆ మాట నిజమే, కాదనము. తరలింపును మేము తప్పు పట్టడం లేదు. రైలు కంటె ముందుగా తరలించడాన్ని తప్పు పడుతున్నాము. 118.9 కిలోమీటర్ల మెట్రో రెండో దశలో మూడు మార్గాలుంటే, రెండు మాధవరం నుండే మొదలవుతాయి. కాని దానికి శంకుస్థాపన జరిగింది 2020 నవంబరులో. కేంద్ర మంత్రివర్గం ఆమోదం లభించింది 2024 అక్టోబరు 3న. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. రైలు కాగితాలు ఆరేళ్ళు దాని వెనుక నడిచాయి.

దక్షిణ దిశ కథ చూడండి. 2023 డిసెంబరు 30న కిలాంబాక్కం బస్సు స్టేషను తెరచినప్పుడు అక్కడా రైలు స్టేషను లేదు. అయితే ప్రయాణికులు ఊరుకోలేదు. పత్రికలు రాశాయి, ప్రతిపక్షాలు ప్రశ్నించాయి. కొత్త రైల్వే స్టేషను కట్టడం మొదలైంది. మరి 2018లో మన గొంతు ఎక్కడ ఉంది? అడగనిదే అమ్మయినా పెట్టదు అన్న సామెత మనకు తెలియనిదా?

ఇక రెండవ మాట, లిపి. భాషా అల్పసంఖ్యాకుల రక్షణకై 1956లో కేంద్రం రూపొందించిన సూత్రాల ప్రకారం, ఒక ప్రాంతంలో పదిహేను, ఇరువది శాతం ప్రజలు మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలి. చెన్నైలో తెలుగువారు పదిహేను శాతానికి తక్కువే కదా అని అధికారులు అనవచ్చు. అయ్యా, బస్సు స్టేషనుకు స్థిరనివాసులు ఎవరు? అక్కడి జనాభా ప్రయాణికులే. నెల్లూరు బస్సు కోసం నిలిచిన వరుసను లెక్కించి చూడండి, శాతం ఎంతో తెలుస్తుంది!

తమిళనాట తెలుగు బోర్డు తమిళానికి అవమానమా? తిరుమల కొండపై తమిళంలో, కన్నడంలో బోర్డులున్నాయి. వాటివల్ల తెలుగుకు వచ్చిన లోటేమీ లేదు. తమిళం పైన ఉండనీయండి, అది ఆ నేల హక్కు. దాని కింద తెలుగు పంక్తి ఒకటి ఉండనీయండి. ఇంగ్లీషు ఉంది గదా అనేవారు మా నాయనమ్మల వైపు ఒకసారి చూడండి. పైగా బడిలో తెలుగు అక్షరం ఎరుగని మన పిల్లలకు, ఇంట్లో మాట్లాడే మాట గోడపై రాతగా కనబడితే ఆ బోర్డే పెద్ద బాలశిక్ష అవుతుంది.

కనుక మనం కోరేవి రెండే. మాధవరంలో మెట్రో దిగినవారు రోడ్డు దాటకుండా బస్సు చేరే దారి ఉండాలి. తెలుగు సీమకు పోయే ప్రతి బస్సు వద్ద, సెంట్రల్‌లో, ఎగ్మూరులో, మెట్రో మెట్ల మొదట తెలుగు రాత ఉండాలి. అది ఒక అధికారి దయగా వచ్చి మరొకరి మరపుతో పోయేది కాక, నియమంగా నిలవాలి.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి మన ఫిర్యాదు రాసుకోవచ్చు. ఆ హక్కును వాడినవారు మనలో ఎందరు? సోదర సోదరీమణులారా, రవాణా శాఖకు, మెట్రో సంస్థకు, దక్షిణ రైల్వేకు ఇంటికొక ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి. చదవడానికి వారు ఒక తెలుగువాణ్ణి వెతుక్కుంటారు. మనం ఇక్కడ ఉన్నామని వారికి తెలియడం అక్కడే మొదలవుతుంది.