తాడు పట్టుకుని నిలబడ్డ టమాటా

మా తమ్ముడు మదనపల్లె దగ్గర అర ఎకరంలో పాలీహౌస్ వేసి రెండేళ్లయింది. డబ్బు కొంత బ్యాంకు అప్పు, కొంత మా మరదలి నగలు తాకట్టు పెట్టి తెచ్చింది. మొన్న దసరా సెలవులకి పిల్లల్ని తీసుకుని వెళ్లాను. లోపల టమాటా మొక్కలు నా భుజం ఎత్తున ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నాయే అనుకున్నాను. ఎండెక్కేసరికి అన్నీ తలలు వాల్చేశాయి.

"నీళ్లు చాల్లేదక్కా" అని తమ్ముడు మళ్లీ డ్రిప్పు తిప్పాడు. మరదలు నా పక్కన నిలబడి మెల్లగా, "నేల తడిగానే ఉండాది గదా వదినా" అంది. ఆ మాట నెల రోజుల నుంచి చెప్తోందట. నీకేం తెలుసులే అన్నారట ఇంట్లో. రోజూ కలుపు తీసేదీ, పక్క కొమ్మలు గిల్లేదీ, తాళ్లు చుట్టేదీ ఆమె, ఇద్దరు కూలి ఆడవాళ్లూ. తెలియనిది ఎవరికి?

ఒక్క మొక్క పీకి చూద్దామన్నాను. తమ్ముడికి ప్రాణం ఒప్పలేదు. "కాపు మీదున్న మొక్కక్కా!" అన్నాడు. వేర్ల మందని వేలకి వేలు పోసి సీసాలు కొన్నవాడికి ఒక్క మొక్క బరువైంది. మరదలే పీకింది. బలం పెట్టకుండానే చేతికొచ్చేసింది! అంత పొడుగు మొక్కకి పిడికెడంత వేరు. అదీ నారు ట్రేలో గుంట ఎలా ఉంటుందో అచ్చం ఆ ఆకారంలోనే, చుట్టూ చుట్టుకుని ఉంది. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పైతోలు ఊడొస్తోంది, మురుగు వాసన. నులిపురుగు పడితే వేళ్లకి ముడులుంటాయంటారు, అవేమీ లేవు.

వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుందని ఆడవాళ్లకి చెప్పాలా? కుండీలో తులసికి రోజూ చెంబుడు నీళ్లు పోసి చంపుకోని ఇల్లు ఏది? మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోటంతా నీళ్లు నిండితే వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, అందుకే తడి నేలలోనే ఆకు వాడుతుంది. వాడింది కదా అని ఇంకా నీళ్లు పెడతాం. పైగా పట్టా కింద ఎండా గాలీ తక్కువ, మబ్బు పట్టిన రోజుల్లో తడి ఒక పట్టాన ఆరదు. తమ్ముడు మాత్రం వేసవిలో పెట్టుకున్న టైమరు మార్చనే లేదు. నారు కూడా పాతికా ముప్ఫై రోజులది కాదు, నలభై దాటింది, చవకగా వచ్చిందని తెచ్చాడు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదంతా కాదు, తాడు. బయట పొలంలో ఇంత బలహీనమైన వేరున్న మొక్క ఒక్క గాలికి ఒరిగిపోయి సంగతి చెప్పేసేది. ఇక్కడ గాలి లేదు, పైనుంచి తాడు కట్టి నిలబెట్టారు. పచ్చగా, నిటారుగా, ఫొటో తీసుకోవడానికి బాగుంది. ఆ ఫొటోలే మా కుటుంబం గ్రూపులో మేమంతా చూసి మురిసిపోయాం.

అందుకే నా మాట ఒకటే. నగలు పెట్టిన మనిషికి నీళ్ల మీద మాట చెల్లాలి. చేతికి మట్టి అంటుకునే వాళ్లని అడగకుండా, దుకాణంలో వాడిని అడిగి మందు తెచ్చుకోవడం మగవాళ్లకి అలవాటైపోయింది. మనమూ తక్కువ కాదు, ఒకసారి చెప్పి, వినకపోతే పోనీలే అని ఊరుకుంటాం. నిజం చెప్పొద్దూ, ఆ రోజు తమ్ముడు విన్నది నేను అక్కని కాబట్టి. పెళ్లాం చెప్తే వినని వాడు అక్క చెప్తే విన్నాడు, దానికి నేను సంతోషపడలేకపోయాను.

ఆ పంట సగం పోయింది. ఈసారి మడులు ఎత్తుగా కట్టి, పశువుల ఎరువు కలిపి, లేత నారు తెచ్చి, కాడ కొంత మట్టిలోకి దిగేలా నాటారు. టమాటా కాడకి మట్టి తగిలితే అక్కడా వేళ్లు పుడతాయి కదా. డ్రిప్పు తిప్పే ముందు మరదలు గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కి చూస్తుంది. నీళ్లు కారితే ఆ పూట వాల్వు ముట్టుకోనివ్వదు. నిన్న ఫోన్‌లో ఆమే చెప్పింది, పదిహేను రోజులకి ఒక మొక్క పీకి చూస్తే వేళ్లు తెల్లగా, జానెడు పాకాయట. నగలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.