ఎవరూ పోకపోయినా వినొచ్చు

పక్క వీధి మైకులో ఘంటసాల భగవద్గీత వినపడగానే మన బెజవాడ ఇళ్ళల్లో మొదట వచ్చే మాట "అయ్యో, ఎవరు పోయారో!" వైకుంఠ రథం మీద అదే, పెద్దకర్మ పందిట్లో అదే. మామూలు రోజున ఇంట్లో పెట్టామో, "అశుభం, ముందు అది ఆపు" అని పెద్దవాళ్ళు కసురుకుంటారు. ఒక మంచి రికార్డుకి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఘంటసాల వెంకటేశ్వరరావు మన కృష్ణా జిల్లా వారే. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు పెట్టింది కూడా ఆయన పేరే. సినిమా పాటల సంగతి సరే, అవి రోజూ వింటూనే ఉన్నాం. సినిమాతో సంబంధం లేకుండా ఆయన ఇచ్చిన ప్రైవేటు రికార్డుల్ని ఒకసారి తీరిగ్గా, వరసగా వినాలి.

ముందు 'పుష్పవిలాపం'. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'ఉదయశ్రీ'లోని పద్యాలు. పూజకు పూలు కోయబోయిన మనిషిని ఆ పూలే నిలదీస్తాయి. 78 ఆర్‌పీఎం ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. ఆ కాస్తలోనే పద్యానికీ పద్యానికీ మధ్య ఘంటసాల మామూలు మాటల్లో కథ చెబుతారు. నాటకాల్లోలాగా రాగం తీసి చప్పట్ల కోసం ఆగరు. 'కుంతీకుమారి' కూడా అంతే. పసిబిడ్డను నదిలో వదలబోయే తల్లి గుండె చప్పుడు వినిపిస్తుందే గాని పాడేవారి గొప్ప కాదు.

ఆ పద్ధతే పెరిగి పెద్దదై ఎల్పీ రికార్డుగా భగవద్గీత అయింది. ఏడు వందల శ్లోకాల్లోంచి సుమారు నూరు ఎంచుకుని, శ్లోకం పాడి, వెంటనే తాత్పర్యం తానే తెలుగులో చెప్పారు. అది ఆయన చివరి రోజుల నాటి పని. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

ఇంచుమించు అదే కాలంలో, 1973 మార్చిలో, ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' విడుదల చేసింది. కాలం, డబ్బు, చావు, మతిభ్రమణం... ఒక పాటలోంచి ఇంకో పాటలోకి నడుస్తూ మొత్తం కలిపి ఒకటే మాట చెప్పే రికార్డు అది. ముక్కలుగా వింటే సగమే విన్నట్టు.

మన గీతను మాత్రం ముక్కగానే వింటున్నాం. పుట్టినవాడికి చావు తప్పదన్న శ్లోకం దగ్గరే ఆగిపోయాం. మొత్తం వింటే కథ వేరు. విల్లు వదిలేసి కూలబడ్డ మనిషితో మొదలై, భ్రమ వదిలింది, నువ్వు చెప్పినట్టే చేస్తానని అతను లేచేదాకా సాగుతుంది. ఆ మాటలు పోయినవాళ్ళకు చెప్పినవి కావు. రేపు మళ్ళీ పనిలోకి దిగాల్సినవాళ్ళకు చెప్పినవి. పరీక్ష తప్పిన కుర్రాడికీ, కోతల ముందు వానకు చేను మునిగిన రైతుకూ పనికొచ్చేవి.

ఈ ఆదివారం ఇంట్లో పెట్టి చూడండి. పెద్దవాళ్ళు వద్దంటే వాదించకండి. చివరి శ్లోకం దాకా మాతో కూర్చోండి చాలు అని అడగండి. తాత్పర్యం తెలుగులోనే ఉంది గనక పిల్లలకు మళ్ళీ మనం విడమరచి చెప్పే పని కూడా లేదు.